రంగు పోయేదాకా

జూన్ 1

తీగలు నన్ను దాటేశాయి. పోయిన వారం నా భుజం దాకా ఉండేవి. ఇవాళ చెయ్యెత్తినా కొన అందలేదు, కింద కాయలు అప్పుడే ముదురుతున్నాయి.

మేడ మీద పిట్టగోడ పక్కన వరసగా పాత పెయింటు డబ్బాలు, ఒక్కో డబ్బాలో మూడేసి కర్రలు, పైన ముడి. కర్రలు టైమ్‌పీస్ తాత ఇచ్చాడు. మా పై ఫ్లోర్‌లో ఒక్కడే ఉంటాడు. లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాడు. పొద్దున్నే రోజూ ఒకే టైముకి మేడెక్కుతాడని, మాతోనే ఉండే మా పిన్ని ఆ పేరు పెట్టింది. అవి కర్టెన్ కర్రలట. నా కిటికీలోంచి చూసేవాళ్ళెవరున్నారు, నీ బీన్స్‌కైనా పనికొస్తాయి తీసుకో అన్నాడు. నన్ను బీన్స్ పిల్ల అంటాడు.

మూడు రకాలు వేశాను. కాయ వంకాయరంగులో ఉండేది ఒకటి, పసుపు మీద ఎర్రచారలది ఒకటి, మామూలు ఆకుపచ్చది ఒకటి. ఆకుపచ్చది పైకి చాలా బోరింగ్. కానీ ఒలిస్తే లోపల గింజలు గులాబీరంగు, మీద నల్లమచ్చలు, ఎవరో పెన్ను విదిలించినట్టు. నా ఫేవరెట్ అదే.

అన్నీ అమ్మమ్మ గింజలే. అమ్మమ్మ పోయాక అమ్మకి ఉంగరం వచ్చింది, పిన్నికి పెద్ద గిన్నెలొచ్చాయి, నాకు గింజల డబ్బా వచ్చింది. నా వాటా కోసం ఎవరూ పోట్లాడలేదు.

ఈ డైరీ కూడా ఆ డబ్బాలోనే దాస్తున్నాను, గింజల కవర్ల కింద.


జూన్ 4

ఇవాళ పిన్నికి చెప్పేశాను. గ్యాస్ సంగతి.

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. పొద్దున స్కూలుకి బయల్దేరి మెట్లు దిగుతుంటే గ్యాస్ ఆపానా లేదా అని డౌట్ వస్తుంది. వెనక్కొచ్చి చూస్తాను. ఆపే ఉంటుంది. మళ్ళీ దిగుతాను. సగం దిగాక మళ్ళీ డౌట్. నాబ్ చూసినట్టు గుర్తుంటుంది, కానీ అది ఇప్పుడు చూసిందో నిన్న చూసిందో తెలీదు. అప్పుడు ఇల్లు కాలిపోతున్నట్టు కనిపిస్తుంది. లోపల అమ్మ ఉంటుంది. ప్రతిసారీ అమ్మ లోపలే ఉంటుంది. బస్సు వెళ్ళిపోతుంది. కడుపునొప్పి అని చెప్పి తప్పించుకుంటున్నాను.

పిన్ని నవ్వలేదు. దానికే నాకు ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు తరుగుతూ మొత్తం వింది. ఓసి ఎలకపిల్లా, ఇంత బరువు ఒక్కదానివే మోస్తున్నావా అంది. రేపట్నుంచి గ్యాస్ ఆపాక నాతో ఒక మాట చెప్పి వెళ్ళు, నేను చూశాను అంటే చూసినట్టే, ఇక అది నా తలనొప్పి, నీది కాదు అంది. అమ్మకి చెప్పద్దు పిన్నీ అన్నాను. మీ అమ్మకి చెప్తే తనకి బీపీ, తనని చూసి నాకు బీపీ, ఎందుకొచ్చిన గొడవ అంది. అమ్మమ్మ మీద ఒట్టు వేసింది. నేను అడక్కుండానే వేసింది.


జూన్ 5

వర్క్ అవుతోంది. కింద పిన్ని వంట చేసే షటర్ ముందు నిలబడి గ్యాస్ ఆపాను పిన్నీ అన్నాను. చూశాను పో అంది.

ఎక్కడ చూసింది, పొద్దుట్నుంచీ కిందే ఉంది. మా ఇల్లు రెండో ఫ్లోర్. అయినా వెళ్ళిపోయాను. బస్సులో సీటు కూడా దొరికింది.


జూన్ 9

పిన్నికి పెద్ద ఆర్డరొచ్చింది.

పిన్ని మా బిల్డింగ్ కిందనే ఒక షటర్ అద్దెకి తీసుకుని లంచ్ ఆర్డర్లు చేస్తుంది. ఎక్కువగా ఆఫీసు డబ్బాలు. ఇది వేరే. లైబ్రరీలో కొత్త హాలు కట్టారు, పాత స్టాఫ్‌ని పిలిచి లంచ్ ఇస్తారట శనివారం. టైమ్‌పీస్ తాత కూడా గెస్టే. ఈవెంట్ చూసుకునే అక్క వచ్చి మాట్లాడింది. ఆవిడకి ఫుడ్ ఎలా ఉంటుందన్న దానికంటే ఫొటోలో ఎలా ఉంటుందన్నది ముఖ్యం. టేబుల్ అంతా కలర్‌ఫుల్‌గా ఉండాలి, ఇది నచ్చితే ప్రతి మీటింగూ మీకే అంది. ఆవిడ వెళ్ళాక పిన్ని నెలకి ఎన్ని మీటింగులవుతాయో వేళ్ళ మీద లెక్కేసింది. తర్వాత నావైపు తిరిగి, ఎలకపిల్లా, నీ గింజలు ఎన్నుంటాయే అంది.

నా గింజలు. ఫొటోలో. లైబ్రరీలో.

ఒక్కటే ప్రాబ్లం. అమ్మమ్మ రూల్. రంగు పోయేదాకా దించకూడదు. పెద్ద మంట మీద నీళ్ళు తెర్లిపోవాలి, గింజ రంగంతా నీళ్ళలోకి దిగాలి, ఆ నీళ్ళు పారబోయాలి. అప్పుడు గింజ మట్టిరంగులో, ఏ గ్లామరూ లేకుండా ఉంటుంది. అప్పుడే తినాలి. అంతకుముందు తింటే కడుపు తిరగబడుతుంది.

చిన్నప్పుడు పిన్ని దొంగతనంగా పచ్చివి తినేసి ఒకటే వాంతులట. తిట్లు పడకుండా అమ్మ అడ్డమొచ్చి, నేనే పెట్టాను దానికి అని చెప్పి తన్నులు తిందట. పిన్ని ఈ కథ యాక్షన్‌తో సహా చెప్తుంది. అమ్మ ప్రతిసారీ మొహం తిప్పుకుని నవ్వుతుంది.


జూన్ 14

సాయంత్రమంతా ఒలిచాం. పిన్ని, నేను. అమ్మకి తను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో లేటయింది. వచ్చి చెప్పులు విప్పుతూనే, ఇదేంటి ఇల్లంతా ముత్యాల షాపులా ఉంది అంది. పిన్ని గిన్నెలో చెయ్యి పెట్టి గింజలు పైకెత్తి వదులుతూ, ఇంత అందం తీసుకెళ్ళి నీళ్ళపాలు చెయ్యాలా అంది. అమ్మమ్మ రూల్ అన్నాను. తెలుసులేవే, నీకు అమ్మమ్మ కాకముందే నాకు అమ్మ ఆవిడ అంది.

రేపు టేబుల్ మీద పచ్చవి, పసుపువి, ఎర్రవి కూరగాయలు చాలా ఉంటాయి కాబట్టి గింజలు మట్టిరంగైనా కవరైపోతుంది అని నేనన్నాను. ఊ అంది.

ఒక పిడికెడు మంచివి ఏరి డబ్బాలో వేశాను, విత్తనానికి.


జూన్ 15, సాయంత్రం 5

సూపర్ హిట్.

వరసగా రాస్తాను, లేకపోతే మర్చిపోతాను. పొద్దున షటర్‌లో గింజల గిన్నె నేనే స్టవ్ మీద పెట్టాను. పెద్ద బర్నర్, ఫుల్ మంట. అంచుల్లో బుడగలు రావడం మొదలైంది. పిన్ని వెనకనుంచి వచ్చి, ఇది నేను చూసుకుంటా, నువ్వు పైకెళ్ళి పుదీనా కోసుకురా, అలాగే టేబుల్ క్లాత్‌లు ఇస్త్రీ చేసి తీసుకురా అంది. వెళ్ళాను. ఇస్త్రీ లేటయింది.

తిరిగొచ్చేసరికి గింజలు గాజుగిన్నెలో ఉన్నాయి. గులాబీ గులాబీగానే ఉంది. నల్లమచ్చ నల్లమచ్చగానే ఉంది. కాయలోంచి ఇప్పుడే ఒలిచినట్టు. నేను నోరు తెరిచి చూస్తుంటే పిన్ని కన్ను కొట్టి ట్రేడ్ సీక్రెట్ అంది. వెనిగర్ వాసన వచ్చింది. చెఫ్‌లకి ఏవేవో ట్రిక్స్ ఉంటాయి కదా.

ఈవెంట్ అక్క ఆ గిన్నెకి ఎన్ని ఫొటోలు తీసిందో. టైమ్‌పీస్ తాత రెండుసార్లు వేసుకున్నాడు. ఇవి మా మేడ మీదవి, ఈ అమ్మాయి పెంచింది, కర్రలు నావి అని అందరికీ చెప్పాడు. పాత లైబ్రేరియన్ ఒకావిడ, కరకరలాడుతున్నాయి, భలే ఉన్నాయి అంది. నాకు మిగల్లేదు. వడ్డించేవాళ్ళకి ఎప్పుడూ మిగలదు అంది పిన్ని. గిన్నె ఖాళీ అయినందుకు పిన్ని మొహం వెలిగిపోయింది.


జూన్ 15, 6:30

టైమ్‌పీస్ తాతకి వాంతులు. అమ్మ పైకి వెళ్ళింది.


జూన్ 15, 7:15

పాత లైబ్రేరియన్ ఆవిడకి కూడా. ఇంకా కొంతమందికి. పిన్ని ఫోన్ ఆగకుండా మోగుతోంది. ఎత్తడం లేదు.


జూన్ 16

అందరూ తేరుకున్నారు, తాత తప్ప. హాస్పిటల్‌లో సెలైన్ ఎక్కుతోంది. ఒంట్లో నీళ్ళు పోయి కిడ్నీల మీద పడిందట, ఈ వయసులో ఏమీ చెప్పలేం అన్నారట. అమ్మ ఈ మాట నాకు చెప్పలేదు, ఫోన్లో నాన్నకి చెప్తుంటే విన్నాను. నాన్న టవర్ల పని మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. రమ్మంటావా అన్నాడేమో, వద్దు, నేను చూసుకుంటా అంది అమ్మ.

మధ్యాహ్నం పిన్ని నా గదిలోకి వచ్చి తలుపు మూసింది. మంచం మీద కూర్చుంది. చాలా మెల్లగా అడిగింది, గిన్నె ఎప్పుడు దించావే అని.

నేను దించలేదు అన్నాను. నువ్వు చూసుకుంటానన్నావు కదా అన్నాను.

నేను ఇటు తిరిగేసరికి గింజలు జల్లెడలో ఉన్నాయి కదే, నువ్వే వార్చేసి పైకెళ్ళావు, ఉడికాయనుకుని నేను డ్రెస్సింగ్ కలిపేశాను అంది. మరి ట్రేడ్ సీక్రెట్ అన్నావు కదా అన్నాను. అది డ్రెస్సింగ్ గురించి అంది. గుర్తులేదా అంది. తర్వాత నా జుట్టు చెవి వెనక్కి తోసి, నీకు గుర్తుండదులే, నీ సంగతి నాకు తెలుసుగా అంది.

వెళ్ళిపోయాక కూడా ఆ చెయ్యి నా చెవి దగ్గరే ఉన్నట్టుంది.


జూన్ 17

నిన్నగాక మొన్న రాసింది చదివాను. ఫుల్ మంట పెట్టాను, పిన్ని పంపింది, వెళ్ళాను అని ఉంది. క్లియర్‌గా ఉంది.

కానీ రాసింది కూడా నేనే కదా. గ్యాస్ ఆపలేదని రోజూ అనుకునేది కూడా నేనే.

జల్లెడ గుర్తు తెచ్చుకోవడానికి ట్రై చేశాను. ముందు కనిపించలేదు. చాలాసేపు ట్రై చేస్తే కనిపించింది. ఆవిరి కూడా కనిపించింది. ట్రై చేస్తే ఏదైనా కనిపిస్తుంది నాకు. తాత చచ్చిపోతే నేను


జూన్ 18

హెల్త్ ఇన్‌స్పెక్టర్ మేడమ్ వచ్చింది. షటర్ మొత్తం చూసింది, ఫ్రిజ్ చూసింది, గిన్నెలు చూసింది. తర్వాత మా ఇంటికొచ్చి కూర్చుంది. మంచావిడే. గట్టిగా మాట్లాడలేదు. గింజలు ఎవరు ఉడికించారు అంది.

నేను నోరు తెరిచాను. నేను ఏం చెప్పబోయానో నిజంగా నాకు తెలీదు.

పిన్ని అందుకుంది. పాపే మేడమ్, ముచ్చటపడింది, వాళ్ళ అమ్మమ్మ గింజలు కదా, నేను కాదనలేకపోయాను అంది. ఎంతసేపు ఉడికించావు తల్లీ అని మేడమ్ నన్ను అడిగింది. దానికి తెలీదు మేడమ్ అంది పిన్ని. తర్వాత గొంతు తగ్గించింది, గది మొత్తానికి వినపడేలా. దానికి ఒక ఇబ్బంది ఉంది, స్టవ్ వెలిగించిందో ఆపిందో దానికే గుర్తుండదు, పదిసార్లు వెనక్కొచ్చి చూసుకుంటుంది పాపం, ఎవరికీ చెప్పద్దని నాతో ఏడ్చింది, తప్పు నాదే, అలాంటి పిల్లని స్టవ్ దగ్గరికి రానివ్వకూడదు అంది.

కళ్ళు తుడుచుకుంది కూడా.

మేడమ్ నావైపు జాలిగా చూసింది. నేను అమ్మవైపు చూశాను. అమ్మకి ఇది ఇప్పుడే తెలిసింది. నేనెప్పుడూ చెప్పలేదు కదా. అమ్మ నన్ను చూసిన చూపు ఏమిటో నాకు అర్థం కాలేదు. అనుమానం అనుకున్నాను. వెంటనే కళ్ళు దించేసుకుని మేడమ్‌కి నీళ్ళు తెస్తానని లేచింది.

అమ్మమ్మ మీద ఒట్టు పద్నాలుగు రోజులు నిలిచింది.


జూన్ 19

స్కూలు నుంచి మేడ మీదికి వెళ్ళాను. తీగలు లేవు.


జూన్ 20

పిన్ని పీకేసిందట. మేడమ్ తీసెయ్యమంది అంది. మేడమ్ అలా అనడం నేను వినలేదు. విత్తనానికని వదిలిన కాయలు కూడా పోయాయి. కర్రలు మాత్రం కట్టగట్టి గోడకి ఆనించింది, పద్ధతిగా. డబ్బాల్లో వేళ్ళు ఇంకా ఉన్నాయి.

స్కూల్లో నా లంచ్ బాక్స్ ఎవరూ ముట్టుకోవడం లేదు. నా పక్కన కూర్చునే అమ్మాయి, సారీ రా, మమ్మీ వద్దంది అని తన బాక్స్ చెయ్యి అడ్డం పెట్టుకుని తింది. ఇంట్లో నాకు వంటింట్లోకి ఎంట్రీ లేదు. అమ్మ లైటర్ తీసుకెళ్ళి తన బీరువాలో పెట్టింది. ఎందుకు అని నేను అడగలేదు. తనూ చెప్పలేదు.

పిన్ని షటర్ తెరిచింది. వార్నింగ్‌తో వదిలేశారట, చిన్నపిల్ల పొరపాటు అని. నాకు హెయిర్ క్లిప్పులు కొనుక్కొచ్చింది. తలలో పెడుతూ, నీకేమవుతుందే, నాలుగు రోజులైతే అందరూ మర్చిపోతారు, అదే నా మీద పడితే షటర్ శాశ్వతంగా మూసేసేవాళ్ళు అంది.

అదే నా మీద పడితే.

క్లిప్పులు తీసి డ్రాయర్‌లో పెట్టేశాను.


జూన్ 22

నాకొక విషయం తట్టింది. చాలా చిన్న విషయం. ఇన్ని రోజులు ఎలా తట్టలేదో.

సరే, నేనే మర్చిపోయి ముందే వార్చేశాను అనుకుందాం. కానీ మంట ఫుల్లుగా ఉంది. బుడగలొచ్చాయి. అప్పటికే నీళ్ళలోకి రంగు దిగడం మొదలయ్యుండాలి. అప్పుడు వార్చేస్తే గింజలు సగం వెలిసి ఉండాలి. ఆ గాజుగిన్నెలో ఒక్క మచ్చ కూడా వెలవలేదు.

డబ్బాలోంచి అమ్మమ్మ గింజలు కొన్ని తీసి రాత్రే నానబెట్టాను, నా వాటర్ బాటిల్లో. ఇవాళ అమ్మ షాపుకి వెళ్ళింది, పిన్ని కింద ఉంది. లైటర్ లేదు కానీ దేవుడి దయవల్ల అగ్గిపెట్టె ఉంది. మూడు పుల్లలు వేస్టయ్యాయి.

సగం గింజలు ఫుల్ మంట మీద పెట్టి, తెర్లడం మొదలవగానే దించేశాను. నీళ్ళు ఎర్రగా, గింజలు దిగులుగా, మచ్చలు చెదిరిపోయి ఉన్నాయి.

మిగతా సగం సన్న మంట మీద, నీళ్ళలో వెనిగర్ పోసి, తెర్లనివ్వకుండా వేడి మాత్రం చేశాను. మెరుస్తున్నాయి. గులాబీ, నలుపు. అచ్చం ఆ రోజులాగే.

అంటే నేను వెళ్ళాక ఎవరో మంట తగ్గించారు. వెనిగర్ పోశారు. రంగు చూసుకుంటూ, రంగు పోకముందే దించారు. మర్చిపోయినవాళ్ళు చేసే పని కాదిది. దగ్గర నిలబడి చేసిన పని.

నేను స్టవ్ ముందు నేల మీద కూర్చున్నాను. నేను పిచ్చిదాన్ని కాదు అని పైకే అన్నాను. ఎవరూ వినలేదు, అయినా బాగుంది.

పిన్ని తెలిసి ఎవరికీ విషం పెట్టలేదు. అది నాకు తెలుసు. కొంచెం తగ్గితే ఏమవుతుందిలే, ఫొటోకి బాగుంటుంది అనుకుంది. అది నేను అర్థం చేసుకోగలను. దాని తర్వాత చేసిందే అర్థం కాదు.


జూన్ 23

ఆదివారం. ముగ్గురం కలిసి తినే ఒకే ఒక్క పూట.

మెరిసే గింజలు నిన్న ఫ్రిజ్‌లో వెనక దాచాను. ఉల్లిపాయ, నిమ్మరసం, ఉప్పు కలిపి గిన్నె టేబుల్ మధ్యలో పెట్టాను. ప్లాన్ సింపుల్. పిన్నిని తినమంటాను. తినదు. ఎందుకు తినవు అని అడుగుతాను, అమ్మ ముందు. ఎవరి నోట్లోకీ వెళ్ళకముందే లాగేసుకుంటాను. అందుకే చెయ్యి గిన్నె అంచు మీదే ఉంచుకున్నాను.

పిన్ని చేతులు కడుక్కుంటోంది. అమ్మ వచ్చి కూర్చుంది. వారమంతా అద్దాలు అరగదీసి కళ్ళు మండుతున్నాయి అంటూ, కళ్ళు సగం మూసుకునే, సలాడ్ ఎవరు చేశారు అని చెంచాతో తీసుకుంది. నేను వద్దు అనాలి. గొంతు రాలేదు. చెయ్యి లాగాలి. చెయ్యి రాలేదు. నిజంగా భయం వేసినప్పుడు నేను ఇంతే, బొమ్మనైపోతాను. చెంచా అమ్మ నోటి దగ్గరికి వెళ్ళింది.

పిన్ని కుర్చీని తన్నేసుకుంటూ వచ్చి అమ్మ మణికట్టు పట్టుకుంది. గింజలు టేబుల్ మీద చెల్లాచెదురయ్యాయి. వద్దక్కా, పచ్చివి, ఇంకా రంగుంది అంది.

పిన్ని చెయ్యి ఇంకా అమ్మ మణికట్టు మీదే ఉంది. చేతి తడి అమ్మ చీర మీద కారుతోంది. అమ్మ ఆ చేతిని చూసింది, తర్వాత పిన్నిని చూసింది. చూడగానే తెలిసిపోయిందా నీకు అంది. మరి లైబ్రరీలో లైట్లు లేవా అంది అమ్మ.

పిన్ని చెయ్యి తీసేసింది.

ఇప్పుడు అమ్మ అడుగుతుంది అనుకున్నాను. ఇప్పుడు ఫోన్ తీస్తుంది, మేడమ్‌కి చెప్తుంది, నన్ను దగ్గరికి తీసుకుంటుంది. అమ్మ లేచి గిన్నె చెత్తబుట్టలో బోర్లించింది. గిన్నె తోమింది. చాలాసేపు తోమింది. వచ్చి కూర్చుని, తినండి, అన్నం చల్లారిపోతోంది అంది.

పిన్ని వాళ్ళక్క చెయ్యి పట్టుకోవడానికి ఎంత వేగంగా పరిగెత్తింది. నా విషయంలో ఆ కాళ్ళు ఏమయ్యాయి.


జూన్ 24

అమ్మ నా మంచం మీద కూర్చుని నా యూనిఫాం మడతలు మళ్ళీ మడిచింది.

దానికి ఎవరున్నారే మనం తప్ప అంది. మొగుడు వదిలేశాడు, ఆ షటర్ ఒక్కటే దాని బతుకు అంది. నీ మీద అయితే చిన్నపిల్ల అని వదిలేశారు కదా తల్లీ, తాతగారికి కూడా తగ్గుతోంది కదా, ఇప్పుడెందుకు కదపడం అంది. నీకేం పోయింది అని మాత్రం అనలేదు. అనబోయి ఆగింది.

నేను ఒక్కటే అడిగాను. నేను దించలేదని నీకు ఎప్పట్నుంచి తెలుసు అని.

అమ్మ మడిచిన చొక్కా విప్పి మళ్ళీ మడిచింది. నువ్వు ఎప్పుడైనా ఒకటికి రెండుసార్లు చూసుకోకుండా ఏ పనైనా చేశావా, ఉడకందే దించే పిల్లవేనా నువ్వు అంది. మేడమ్ ముందు అది అలా అంటున్నప్పుడే తెలుసు అంది.

మరి లైటర్ ఎందుకు దాచావు అన్నాను.

అందరూ నమ్మాలి కదా అంది.

అయితే ఆ రోజు నన్ను చూసిన చూపు అనుమానం కాదు. సారీ. నోటితో చెప్పలేని సారీ. అనుమానమైతేనే బాగుండేది. అనుమానమైతే నేను ప్రూవ్ చేసి పోగొట్టేదాన్ని.

చిన్నప్పుడు చెల్లెలి తప్పు అమ్మ తన మీద వేసుకుంది. ఈసారి తన దగ్గర నేనున్నాను.


జూన్ 25

ఏమీ రాయాలని లేదు.


జూన్ 29

టైమ్‌పీస్ తాత ఇంటికొచ్చాడు. మెట్లెక్కడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

డబ్బాలో ఉన్న గింజల్లో విత్తనానికి కాసిని ఉంచి మిగతావి నిన్న నానబెట్టాను. ఇవాళ వంటింట్లోకి వెళ్ళి, అమ్మ చూస్తుండగానే, లైటర్ ఇవ్వు అన్నాను. ఇచ్చింది. గడప దగ్గర నిలబడింది. నేను పెద్ద బర్నర్ మీద పెట్టి తెర్లనిచ్చాను. గులాబీరంగు ముందు పోయింది. మచ్చలు చాలాసేపు పట్టుకుని కూర్చున్నాయి, చివరికి అవీ వదిలేశాయి. నీళ్ళు సింకులో పారబోశాను. కొత్త నీళ్ళు పోసి మెత్తబడేదాకా ఉడికించి, వెల్లుల్లి, నూనె, ఉప్పు వేశాను.

తాత తలుపు తీసేసరికి నేను ప్రాక్టీస్ చేసుకున్నదంతా పోయింది. తాతగారూ, ఆ గిన్నె నేను దించలేదు అన్నాను. అదొక్కటే వచ్చింది.

సగానికి సగమైపోయాడు. చెయ్యంతా సూది గుచ్చిన నల్లమచ్చలు. తలుపు పట్టుకునే నిలబడి, మరెవరు అన్నాడు. నేను చెప్పలేదు. మెట్లవైపు, కిందికి, ఒకసారి చూశాడు. సరే, అడగను అన్నాడు. చేతిలో ఏంటి అన్నాడు. బీన్స్ అన్నాను.

నవ్వాడు, నవ్వు దగ్గుగా మారింది. నీకు ధైర్యం ఎక్కువో నాకు బుద్ధి తక్కువో తేల్చుకోలేకపోతున్నాను, రా లోపలికి అన్నాడు.

మూత తీసి చూసి, ఇవేంటి ఇంత మొహం మాడ్చుకుని ఉన్నాయి, ఆ రోజు పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి కదా అన్నాడు. రంగు పోయిందంటేనే తినొచ్చని అర్థం అని చెప్పాను. ఆయన అడగకముందే నేనొక చెంచా తిన్నాను. ఆయన నేను మింగేదాకా చూసి, ఇంకొక నిమిషం కూడా చూసి, అప్పుడు చెంచా తీసుకున్నాడు. చిన్న ముద్ద. కళ్ళు మూసుకుని నమిలాడు.

ఉప్పు తక్కువైంది అన్నాడు.

ఇంకో చెంచా తిన్నాడు. లైబ్రరీలో ఎవరైనా అడిగితే బీన్స్ పిల్ల వంట నేను తిన్నాను, నిక్షేపంలా ఉన్నాను అని చెప్తాలే అన్నాడు. తీగలు పీకేశారటగా, కర్రలు ఉన్నాయా, అవి కూడా పీకేశారా అన్నాడు. ఉన్నాయి అన్నాను.

మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పైకీ కాదు, కిందికీ కాదు, మధ్య మెట్టు మీద.


జూలై 2

పొద్దున స్కూలుకి వెళ్తుంటే షటర్ ముందు పిన్ని. ఏమే ఎలకపిల్లా, గ్యాస్ ఆపావా అంది, పాత గొంతుతోనే.

ఆపాను అన్నాను. నేను ఆగలేదు. వెనక్కి వెళ్ళి చూడలేదు.

బస్సులో కూర్చున్నాక ఇల్లు కాలిపోతున్నట్టు కనిపించింది, ఎప్పటిలాగే.

ఈసారి లోపల ఎవరూ లేరు.